ఒక్క ఆట గెలిచిన మనిషి కన్ను

క్రిందటి సంవత్సరం అంతర కళాశాలల క్రికెట్ ఎంపికలకు నేనూ వెళ్ళాను. ఆరు బంతులు వేయించారు. ఏడో బంతికి వెనక్కి నడుస్తూంటే, వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఏదో చెప్పి, "చాలు నాయనా, తర్వాతి వాళ్ళు రండి" అన్నాడు. అంతే. ఆ రాత్రి హాస్టల్లో మా గది నిండా ఒకటే మాట. "ఆయనేం ఆడాడురా? జిల్లా దాటి ఆడిన మొహమేనా? తాను ఆడలేనివాడు మనల్ని ఎంచేదేమిటి?" ఆ మాట అన్నవాళ్ళలో నేనే ముందున్నాను. ఇప్పుడు రాస్తున్న వ్యాసం ఒక విధంగా ఆ మాటకు నేను వెతుక్కున్న జవాబు. జవాబు దొరికిన చోటు మాత్రం మన దేశంలో కాదు, మన ఆటలోనూ కాదు.

సంగతి ఇలా మొదలైంది. మా భౌతికశాస్త్రం లెక్చరర్ గారు గాలి నిరోధం గురించి పాఠం చెబుతూ, 1946లో అమెరికా సైన్యం వారు తమ దగ్గరి పరికరంతో బాబ్ ఫెల్లర్ అనే బేస్‌బాల్ ఆటగాడి బంతి వేగం కొలిచారని, అది గంటకు 98.6 మైళ్ళు వచ్చిందని చెప్పారు. లెక్క కట్టమన్నారు. సెకనుకు సుమారు 44 మీటర్లు. బంతి విసిరేవాడికీ బ్యాట్ పట్టినవాడికీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. భాగిస్తే 0.42 సెకను. పైగా ఆ వేగం కొలిచింది బంతి బ్యాట్స్‌మన్ దగ్గరకు వచ్చాక. గాలి నిరోధం వల్ల దారిలో కొంత తగ్గుతుంది కాబట్టి చేతిని విడిచినప్పుడు ఇంకా ఎక్కువే ఉండి ఉండాలి. ఇంతవరకూ పాఠం. నాకు పట్టుకున్నది మాత్రం ఆయన చివర్లో యథాలాపంగా అన్న మాట: "ఈ కుర్రాడిది ఒక రైతు కుటుంబం. పదహారేళ్ళప్పుడు ఒక డాలరుకు కొన్నారు."

ఒక డాలరు! ఎవరు కొన్నారు? ఎలా తెలిసింది వాడికి? లైబ్రరీలో వెతుక్కుంటూ పోతే తగిలాడు సిరిల్ స్లాప్నికా. అందరూ సై అని పిలిచేవారట.

ఈయన 1886లో అయోవా రాష్ట్రంలోని సీడార్ రాపిడ్స్‌లో పుట్టాడు. ఆయనా పిచరే, అంటే మన భాషలో బౌలర్. బేస్‌బాల్ తెలియని మిత్రుల కోసం ఒక్క ముక్క. అక్కడ బంతి నేలను తగలకుండానే బ్యాట్స్‌మన్ దగ్గరకు పోవాలి. గెలుపోటములు జట్టుకే కాక పిచర్ పేరు మీద కూడా ఖాతా రాస్తారు. అమెరికాలో పైన మేజర్ లీగులు రెండు. వాటి కింద మెట్లుమెట్లుగా మైనర్ లీగులు. మైనర్ లీగుల్లో చిన్న ఊళ్ళ జట్లు, చిన్న జీతాలు, రాత్రి రైలు ప్రయాణాలు. ఒక్కసారి పై మెట్టు ఎక్కాలనే ఆశతో జీవితమంతా అక్కడే గడిపేసినవాళ్ళు వేలమంది. స్లాప్నికా వాళ్ళలో ఒకడు. మిల్వాకీ వంటి చోట్ల బాగానే ఆడాడు. 1911లో షికాగో కబ్స్ పిలిచింది. మూడు ఆటల తర్వాత మళ్ళీ కిందికి. ఏడేళ్ళు గడిచాక, 1918లో, పిట్స్‌బర్గ్ పిలిచింది. మరో ఏడు ఆటలు. మొత్తం పది ఆటలలో ఆయన పేరు మీద ఒక గెలుపు, ఆరు ఓటములు. ముప్ఫయి రెండేళ్ళ వయసుకు మేజర్ లీగు కథ ముగిసింది.

తర్వాత క్లీవ్‌లాండ్ క్లబ్బుకు స్కౌట్ అయ్యాడు. (ఆ జట్టు పేరు అప్పట్లో ఇండియన్స్. మనతో ఏ సంబంధమూ లేదు సుమా! అమెరికా ఆదివాసుల పేరు అలా పెట్టుకున్నారు. విమర్శలు వచ్చి 2022 నుంచి గార్డియన్స్ అని మార్చుకున్నారు.) స్కౌట్ అంటే ఊరూరా తిరిగి, బడి మైదానాల్లో, చేల పక్క బీళ్ళలో ఆడే కుర్రాళ్ళను చూసి, వీడు పనికొస్తాడు, వీడు రాడు అని క్లబ్బుకు రాసి పంపేవాడు. పనికొస్తాడనుకుంటే అక్కడే తండ్రితో మాట్లాడి సంతకం చేయించేవాడు కూడా.

1935 వేసవిలో, నలభై తొమ్మిదేళ్ళ స్లాప్నికా సొంత రాష్ట్రంలోనే వేన్ మీటర్ అనే పల్లెటూరి కుర్రాణ్ణి చూడడానికి వెళ్ళాడు. ఆ కుర్రాడి ఆటలకు అంపైర్లుగా నిలబడ్డవాళ్ళు ఆయనకు కబురు చెప్పారు. ఎవరు చెప్పారో గమనించండి. బంతి వెనకే నిలబడి, రోజూ చూసే మనుషులు.

ఆ కుర్రాడి ఇంటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే నేను ఈ కథలో మునిగిపోయింది అక్కడే. తండ్రి బిల్ ఫెల్లర్ రైతు. కొడుకు బంతి విసరడం చూసి, మొక్కజొన్న తగ్గించి గోధుమ ఎక్కువ వేశాడట. గోధుమకు చాకిరీ తక్కువ, మిగిలిన పొద్దు కొడుకుతో బంతాట ఆడుకోవచ్చు. చలికాలం బయట మంచు పడుతూంటే కొట్టంలో దీపాలు పెట్టించి అక్కడే బంతులు పట్టేవాడు. చివరికి సొంత పొలంలోనే చెట్లు కొట్టి మైదానం వేశాడు, చుట్టుపక్కల జట్లను పిలిచి ఆటలు పెట్టించాడు. ఒకసారి కొడుకు ఏ బంతి వేస్తాడో పొరపాటుగా అనుకొని పట్టబోతే పక్కటెముకలు మూడు విరిగాయి. పాలు పితకడం, గడ్డి మోపులెత్తడం, నీళ్ళు మోయడం, ఆ పనుల వల్లే తన చేతికి బలం వచ్చిందని ఫెల్లర్ జీవితమంతా చెప్పుకున్నాడు.

స్లాప్నికా చూశాడు. కుర్రాడికి పదహారేళ్ళు. బంతి ఎటు పోతుందో వాడికే సరిగా తెలియని దశ. వేగం కొలవడానికి యంత్రం లేదు. సంతకం చేయించాడు, కుర్రాడు మైనరు గనుక తండ్రి కూడా పెట్టాడు. ప్రతిఫలం ఒక డాలరు, క్లీవ్‌లాండ్ ఆటగాళ్ళ సంతకాలున్న ఒక బంతి. తిరిగివెళ్ళి, ఇంతవరకూ ప్రపంచం చూడనంత గొప్ప పిచర్‌ను పట్టుకొచ్చానని క్లబ్బు పెద్దలకు చెప్పాడంటారు. మేజర్ లీగులో ఒకే ఒక్క ఆట గెలిచినవాడి నోట ఆ మాట విని వాళ్ళు నవ్వుకున్నా తప్పు పట్టలేం.

1936 జులై 6న బడి సెలవుల్లో ఫెల్లర్‌ను సెయింట్ లూయీ కార్డినల్స్ మీద ప్రదర్శన ఆటలో దింపారు. మూడు ఇన్నింగ్స్‌లో ఎనిమిదిమందిని, బంతి తగలనివ్వకుండానే, బయటికి పంపాడు. ఆగస్టు 23న అసలు లీగు ఆటలో మొదటిసారి తొలి బంతి నుంచి వేసి పదిహేనుమందిని. సెప్టెంబరు 13న ఫిలడెల్ఫియా మీద పదిహేడుమందిని. ఒక ఆటలో ప్రత్యర్థులు ఔటయ్యేది మొత్తం ఇరవై ఏడుసార్లు. అందులో పదిహేడు ఒక్కడే, మిగతా జట్టుకు పది. అప్పుడతని వయసు కూడా పదిహేడే. ఆ తర్వాత వెళ్ళి వేన్ మీటర్ హైస్కూల్లో ఆఖరి సంవత్సరం చదువుకున్నాడు.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. ఓడిపోయినవాడి కంటికి అది ఎలా కనబడింది?

మాది ఒంగోలు ప్రాంతం. మా నాన్న సంతకు కోడెదూడను కొనడానికి వెళ్ళినప్పుడు చిన్నతనంలో నేను వెంట పోయేవాణ్ణి. దూడ దగ్గరికి వెంటనే పోడు. దూరం నుంచి నడిపించి చూస్తాడు. వెనక గిట్ట ముందు గిట్ట పడ్డ చోటుకి ఎంత దూరంలో పడుతుందో చూస్తాడు. తర్వాత గిట్టలు, గంగడోలు, పళ్ళు. సుడులు కూడా చూస్తాడు గాని అది పక్కవాళ్ళ తృప్తి కోసమే అనుకుంటాను. ఇవాళ ఎంత బలంగా ఉందన్నది కాదు, రెండేళ్ళ తర్వాత కాడి కింద ఎలా ఉంటుందన్నది ముఖ్యం అంటాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "మొదటి జత ముంచింది గదా" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో అప్పు చేసి కొన్న జత అది. ఒకటి కాడి వేయగానే పడుకునేదట.

స్కౌట్లు చేసేదీ ఇదే. ఇవాళ్టి బంతి కాదు, ఐదేళ్ళ తర్వాతి బంతిని చూడాలి. భుజం ఎంత తేలిగ్గా తిరుగుతోంది, ఒళ్ళు ఇంకా పెరిగే ఒళ్ళేనా, బంతి చివర్లో బతికి ఉందా చచ్చిపోయిందా అన్నవి చూస్తారు. వాళ్ళు వాడే కొలబద్ద ఇరవై నుంచి ఎనభై వరకు. మేజర్ లీగు సగటు యాభై. మన గణాంకశాస్త్రం పుస్తకంలోని ప్రామాణిక విచలనం ఒక్కొక్కటికి పది మార్కులు. ఆ లెక్కన ఎనభై అంటే వెయ్యిమందిలో ఒకరిద్దరికి మించి రాకూడదు, అదీ మేజర్ లీగు ఆటగాళ్ళలో. తమాషా ఏమంటే సగటు ఎక్కడుందో తెలియనివాడికి ఈ కొలబద్ద ఎందుకూ పనికిరాదు. స్లాప్నికాకు ఆ యాభై ఎక్కడుందో తెలుసు. తాను దాని అంచు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. ఎంత బాగా వేస్తే చాలదో ఆయన ఒంటికి తెలుసు. మహా ఆటగాడికి ఆ గీత ఎక్కడుందో తెలిసే అవసరమే రాదు, వాడు దాన్ని చూసుకోకుండా దాటేస్తాడు. ఇది నా ఊహ. క్రీడాశాస్త్రం చదివినవారు కాదనవచ్చు.

అయితే ఆడలేకపోవడం వేరు, ఆడనివ్వకపోవడం వేరు. బక్ ఓనీల్ పేరు ఇక్కడ చెప్పాలి. ఫ్లోరిడా కూరగాయల పొలాల్లో పనిచేసి పెరిగిన నల్లజాతి మనిషి, కాన్సస్ సిటీ మోనార్క్స్ జట్టులో మంచి ఆటగాడు. 1947లో జాకీ రాబిన్సన్ అడుగుపెట్టేదాకా మేజర్ లీగులు నల్లవాళ్ళను రానివ్వలేదు; తలుపు తెరిచేసరికి ఓనీల్‌కు వయసు మళ్ళింది. ఆయన కూడా షికాగో కబ్స్‌కు స్కౌట్ అయ్యాడు, లూ బ్రాక్ వంటి వాళ్ళను పట్టుకొచ్చాడు, 1962లో మేజర్ లీగుల్లో తొలి నల్లజాతి కోచ్ అయ్యాడు. చాలాకాలం పాటు ఆయన ఖాతాలో మేజర్ లీగు ఆట ఒక్కటీ లేదు. అది చూసి "ఆయనేం ఆడాడు" అని మా హాస్టల్ గదిలోలాగా ఎవరైనా అంటే ఏం చెబుతాం?

సరే, స్లాప్నికాను మరీ దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఆ డాలరు సంగతి మిగిలే ఉంది.

అప్పటి నిబంధన ప్రకారం పల్లెల్లో ఆడే కుర్రాణ్ణి మేజర్ లీగు క్లబ్బు నేరుగా తీసుకోకూడదు. మైనర్ లీగు జట్టు తీసుకోవాలి. స్లాప్నికా కాగితాల మీద ఫెల్లర్‌ను ఉత్తరాన ఫార్గో-మూర్‌హెడ్ జట్టుకు రాశాడు, అక్కడి నుంచి న్యూ ఆర్లీన్స్ జట్టుకు మార్చాడు. ఆ రెండు జట్లకూ ఫెల్లర్ ఒక్క బంతి వేయలేదు. ఫెల్లర్ మీద కన్నేసిన డెమాయిన్ జట్టు ఫిర్యాదు చేసింది. బేస్‌బాల్ మొత్తానికి కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్, పూర్వం న్యాయమూర్తి, మహా కఠినుడని పేరు. ఆయన ఒప్పందం రద్దు చేస్తే ఫెల్లర్ బజార్లో నిలబడతాడు. లక్ష డాలర్లకు పైనే పలుకుతాడని అంచనా. లాండిస్ తండ్రినీ కొడుకునూ పిలిచి అడిగాడు. ఇద్దరూ క్లీవ్‌లాండ్‌తోనే ఉంటామన్నారు. 1936 డిసెంబరులో తీర్పు వచ్చింది: ఫెల్లర్ క్లీవ్‌లాండ్‌లోనే ఉండవచ్చు, క్లబ్బు మాత్రం డెమాయిన్ జట్టుకు 7,500 డాలర్లు కట్టాలి. ఫెల్లర్ ఇంటికి ఏమీ రాలేదు.

మరుసటి ఏడే టామీ హెన్రిక్ అనే ఆటగాడు, క్లీవ్‌లాండ్ తనను మైనర్ జట్లలో దాచిపెట్టి పైకి రానివ్వడం లేదని అదే లాండిస్‌కు ఉత్తరం రాశాడు. ఈసారి లాండిస్ విడుదల చేశాడు. న్యూయార్క్ యాంకీస్ వేల డాలర్ల బోనస్ ఇచ్చి తీసుకుంది. అప్పటికి క్లీవ్‌లాండ్ క్లబ్బు వ్యవహారాలన్నీ స్లాప్నికా చేతిలోనే ఉన్నాయి.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథంతా మా నాన్నకు చెప్పాను. డాలరు దగ్గర ఆయన నవ్వలేదు. "సంతకం పెట్టాక మాట తప్పకపోవడం ఆ రైతు మంచితనం. ధర తక్కువ కట్టడం కొన్నవాడి పని. రెండూ కలపమాకు" అన్నాడు. మేము పొగాకు వేస్తాం. వేలంలో బేలు విప్పి, ఆకు రెండు వేళ్ళతో నలిపి గ్రేడు చెప్పే మనిషి కన్ను గొప్పదే. ఆ గొప్ప కన్ను కొనేవాడి జీతం మీద ఉంటుంది. స్లాప్నికా కూడా అంతే. ఫెల్లర్ విలువ దేశంలో అందరికన్నా బాగా తెలిసినవాడే ఒక్క డాలరిచ్చాడు. తెలుసు గనకే ఇచ్చాడు అనాలేమో. పదిహేడేళ్ళ తర్వాత, 1952లో, ఆయనే హెర్బ్ స్కోర్ అనే కుర్రాడికి అరవై వేల డాలర్లిచ్చి సంతకం చేయించాడు. కన్ను అదే, మనిషి అదే. అప్పటికి స్కోర్ కోసం చాలా క్లబ్బులు ఎగబడుతున్నాయి, అంతే తేడా.

స్కోర్ విషయంలో కూడా ఆయన కన్ను తప్పలేదు. 1955లో తొలి ఏడాదే 245 మందిని బంతి తగలకుండా ఔట్ చేశాడు. మరుసటి ఏడు ఇరవై ఆటలు గెలిచాడు. 1957 మే 7న ఎదుటివాడు కొట్టిన బంతి సూటిగా వచ్చి అతని కుడికంటికి తగిలింది. తర్వాతి ఏడు చేతికి గాయం. మళ్ళీ ఆ స్కోర్ రాలేదు. ఇలాంటిది ఏ స్కౌట్ చీటీలో రాయగలడు?

1974 ప్రాంతంలో డానీ లిట్‌వైలర్ అనే కోచ్, పోలీసులు మోటారు కార్ల వేగం పట్టే రాడార్ చూసి, దాన్ని బంతికి తిప్పాడు. ఆయనా ఒకప్పటి మేజర్ లీగు ఆటగాడే. ఆనాటి నుంచి ప్రతి స్కౌట్ చేతిలోనూ ఆ తుపాకీ ఉంటోంది. అది మన దేశం దాకా వచ్చింది. 2008లో ఒక పోటీ పెట్టి, బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని కుర్రాళ్ళ చేత బంతులు విసిరించి, రాడార్ చూపిన అంకెను బట్టి రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళను ఎంచారు. పిట్స్‌బర్గ్ క్లబ్బు సంతకం చేయించింది. ఇద్దరూ మేజర్ లీగు దాకా చేరలేదు. 2015 నుంచి మేజర్ లీగు మైదానాలన్నిటిలోనూ బంతి ఎన్ని చుట్లు తిరుగుతోందో కూడా కొలిచే యంత్రాలున్నాయి; వాటిని నమ్ముకొని కొన్ని క్లబ్బులు స్కౌట్లను తగ్గించాయి. సైన్సు విద్యార్థిగా నేను యంత్రం పక్షమే ఉండాలి. కాని యంత్రం ఇవాళ్టి వేగం చెబుతుంది, కొట్టంలో దీపాల కింద తండ్రి పట్టిన బంతుల లెక్క చెప్పదు.

ఫెల్లర్ 266 ఆటలు గెలిచాడు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డ మరునాడే నౌకాదళంలో చేరి, మంచి వయసులో దాదాపు నాలుగేళ్ళు యుద్ధానికి ఇచ్చి కూడా. 1962లో జాకీ రాబిన్సన్‌తో పాటు హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. అప్పటికి స్లాప్నికాకు డెబ్భయి ఆరేళ్ళు. 1979లో, తొంభై మూడో ఏట, పుట్టిన సీడార్ రాపిడ్స్‌లోనే పోయాడు. ఖాతాలో గెలుపు ఒకటే.

మొదట్లో, వేపచెట్టు కింది పెద్దాయన "ఏదో చెప్పి" నన్ను పంపేశాడని రాశాను. ఏం చెప్పాడో కోపంలో అప్పుడు చెవికెక్కలేదు. నా వెనక వరుసలో నిలబడ్డ మిత్రుడు మొన్న గుర్తుచేశాడు: "భుజం బాగుంది. ఎడమ కాలు పక్కకి పోతోంది, చూస్కో."

సంక్రాంతి సెలవుల్లో మా కళ్ళంలో ముగ్గుతో గీత గీసి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి ఇరవై బంతులు వేశాను. ఎడమ కాలు పదమూడుసార్లు గీత అవతల పడింది.